చిల్లకూరు నుండి ఇంటిబండ్ల బిడారు

బిడారు అను మాట మన నిఘంటువులలో భద్రముగా నున్నది గాని, నోటివాడుకలో దాదాపు మరుగుపడినది. పెరికె సంచులలో సరకు నింపి, ఎద్దులపై వేసికొని, గుంపుగా దేశములు తిరుగు వర్తకుల సమూహమునకు పూర్వులు పెట్టిన పేరది. నెల్లూరు సీమ తీరమున పండిన ఉప్పు, రోడ్లును రైళ్లును రాకముందు, ఈ బిడారులపైననే పడమటి సీమలకు చేరెడిది. లంబాడీలు, ఎరుకలవారు దానిని మోసికొనిపోయి, తిరుగుదారిలో ధాన్యము తెచ్చెడివారు. ఒంటరిగా పోక గుంపుగా పోవుటకు దొంగల భయ మొక్కటే కారణము కాదు. దారిలో ఒక ఎద్దు కుంటుపడినచో దాని బరువును పది ఎద్దులకు పంచుకొనవచ్చును. ఒకరికి జ్వరము వచ్చినచో తోడు నిలుచుటకు మరియొక రుందురు. ముందు మజిలీలో నీరున్నదో లేదో చూచి వచ్చుటకు ఒకనిని పంపవచ్చును.

ఆ మాట కిప్పుడు మరల పని పడినది. పడకలు, వంటపొయ్యి, నీటితొట్టి, మరుగుదొడ్డి అన్నియు లోపలనే యమర్చుకొన్న మోటారుబండిలో కుటుంబమంతయు యాత్ర చేయుట మన దేశమునను మొదలైనది. ఇంగ్లీషువారు దానిని కారవాన్ అందురు. మనము ఇంటిబండి యనిన తప్పులేదు. ఇట్టి బండ్లు పదియో పండ్రెండో ఒకచోట చేరి, ఒక నాయకుని క్రింద, ఒక నిర్ణీతమైన మార్గమున సాగుట బిడారు యాత్ర. చిల్లకూరు వంటి చోటినుండి అట్టి యాత్ర బయలుదేరవలెనన్నచో ఏమేమి కావలెను? చూచుట కేమున్నది? ఆ ప్రాంతపు ప్రజలకు మనవలన కష్టము కలుగకుండుట యెట్లు? ఈ ప్రసంగమునకు విషయము లివి. మూడవదానికే ఎక్కువ సమయము తీసికొందును, ఏలయనగా యాత్రా ప్రకటనలలో అది కనబడదు.

వినోదార్థమై ఇంటిబండిలో తిరుగుట ఇంగ్లండులో మొదలైనది. గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు, నౌకాదళమున పనిచేసినవాడు, 1885లో బ్రిస్టల్ నగరపు కార్ఖానాలో ఒక బండి చేయించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరు పెట్టి, రెండు గుఱ్ఱములు కట్టి స్కాట్లండు వఱకు పోయెను. 1907 నాటికి అట్టివారి కొక సంఘమే యేర్పడినది. ఒంటరి షికారును బిడారుగా మార్చినవాడు మాత్రము అమెరికావాడైన వాలీ బయామ్. ఎయిర్‌స్ట్రీమ్ అను వెండిరంగు బండ్లను తయారుచేసిన వర్తకుడాతడు. 1951లో తన బండ్లు కొన్నవారిని వెంటబెట్టుకొని మెక్సికో వైపు తీసికొనిపోయెను. 1959లో 40కి పైగా బండ్లతో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నుండి బయలుదేరి, ఆఫ్రికా ఖండమును నిలువున దాటి, మరుసటి యేడు కైరో చేరినది ఆయన నడపిన బిడారే. సరకు అమ్ముకొనుట కాతడు కనిపెట్టిన ఉపాయమే అది, కాదనలేము. అయినను బండ్ల గుంపును క్రమముగా నడపుట యెట్లో లోకమునకు నేర్పినది ఆ యాత్రలే.

ఇదంతయు పాశ్చాత్యుల వేడుక, మనకేమి తెలియును అనుకొనవలసిన పనిలేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన దాదాపు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరెను. పల్లకీబోయీలు, డేరాలు, వంటసామగ్రి, పరిచారకులు, అందరును కలిసి కదలుచున్న ఒక చిన్న ఊరు అది. కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, జగన్నాథము చూచికొని, తూర్పుతీరపు దారిని నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. పదునైదు మాసములకు పైగా సాగిన ప్రయాణమది. స్నేహితుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు దారిపొడుగునను ఆయన వ్రాసిన సంగతులే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చుపడినవి. దేవాలయముల వర్ణనకంటె నన్ను ఆకర్షించునది ఆయన ప్రతి మజిలీలోను గమనించిన చిన్న విషయములు. ఊరిలో అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా, నీరు మంచిదా, దారి యెట్టిది? నేటి బిడారు నాయకుడు చేతిపుస్తకములో వ్రాసికొనవలసినవి అక్షరాల అవియే. నూరుమందిని ఒక్కడు నడపించినాడనిన, పండ్రెండు బండ్లు మనకు బరువు కారాదు.

ఇక చిల్లకూరు మాట. ఊరు చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పాత పెద్దరోడ్డున, అనగా నేటి 16వ నంబరు జాతీయ రహదారిమీద, గూడూరును ఆనుకొని యున్నది. సముద్రము ఊరి గుమ్మమున లేదు. తూర్పుగా వరిచేలు, చెరువులు, తెల్లని ఇసుకనేలలు, ఉప్పుటేరులు దాటి పోవలెను. ఆ తెల్ల ఇసుకయే గాజు పరిశ్రమకు పోవు సిలికా ఇసుక. బయలుదేరు స్థానముగా ఈ ఊరికి గల యోగ్యత కూడ ఇదియే. పెద్ద బండ్లు ఇసుకలో దిగబడకుండ గట్టినేలమీద చేరవచ్చును. గూడూరు జంక్షనులో చెన్నై, విజయవాడ, రేణిగుంట మార్గములు కలియును గనుక, అద్దె బండి యెక్కదలచినవారు రైలులో వచ్చి చేరవచ్చును. మరమ్మతు చేయువారు, వైద్యుడు, పెట్రోలు, కూరగాయలు అన్నియు దగ్గరనే. నిమ్మకాయల బేరమునకు ప్రసిద్ధికెక్కిన అంగడి అది. యాత్రికులు ఒక బస్తా నిమ్మకాయలు ముందుగానే కొని పంచుకొనుట వేసవి ముంగిట మంచిది.

ఈ తీరమున చూడదగినది కోటలు, గోపురములు మాత్రమే యనుకొన్నవారు నిరాశపడుదురు. ఇక్కడి చరిత్ర చాలవఱకు నీటియంచున జరిగి, నీటియంచుననే చెరిగిపోయినది. చిల్లకూరునుండి కోట, వాకాడుల మీదుగా తూర్పునకు పోయిన దుగరాజపట్నము వచ్చును. మచిలీపట్టణమున 1611లో వర్తకము మొదలుపెట్టిన ఇంగ్లీషు కంపెనీవారు, అక్కడి అధికారులతో చిక్కులు పెరుగగా, 1626లో ఇక్కడ ఒక స్థావరము నేర్పరచుకొనిరి. తమకు సాయపడిన ఆరుముగ మొదలియారు పేరుమీదుగా ఆ చోటిని ఆర్మగాన్ అనిరని చెప్పుదురు. కోట కట్టి ఫిరంగులు నిలిపిరి. తూర్పుతీరమున ఇంగ్లీషువారి తొలి కోట అది. చెన్నపట్టణమింకను పుట్టలేదు! అయితే వారికి కావలసిన బట్టల బేర మిక్కడ ఆశించినంతగా సాగలేదు. ఇచ్చటి అధికారియైన ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి, దామెర్ల నాయకులనుండి 1639లో మద్రాసపట్టణపు ఇసుకతిన్నెను సంపాదించెను. మరుసటి యేడు ఆర్మగాన్ సరంజామా అంతయు అక్కడికి తరలిపోయినది. ఒక మహానగరమునకు మూలమైన ఊరు తాను మాత్రము పల్లెగనే మిగిలిపోయినది. నావికుల పటములలో దీపస్తంభమునకును, సముద్రములోని తిన్నెకును ఆర్మగాన్ అను పేరు నిలిచియున్నది. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టములో ఇక్కడ పెద్దరేవు కట్టుదురను మాట వచ్చినది గాని, ఆ తరువాతి పదేండ్లలో అది రూపు దాల్చలేదు.

ఆ పల్లెను ఆనుకొనియే బకింగ్‌హాం కాలువ పోవును. మద్రాసు దగ్గర 1806లో చిన్నగా మొదలైన ఈ త్రవ్వకము, 1876–78 నాటి దారుణమైన క్షామములో ఆకలిగొన్న కూలీలచేతులమీదుగా పొడిగింపబడి, అప్పటి గవర్నరగు బకింగ్‌హాం ప్రభువు పేరు ధరించినది. కట్టెలు, ఉప్పు, వడ్లు వేసికొన్న పడవలను గట్టుమీద నడచుచు మనుష్యులు త్రాళ్లతో లాగెడివారు. పడవలోనే వంట, పడవలోనే నిద్ర. ఇంటిబండికి నీటిమీది అన్నగారని దానిని చెప్పవచ్చును. నేడు ఆ రాకపోకలు లేవు. కాలువ చాలచోట్ల పూడిపోయినది. గట్టున నిలిచి, ఇది కూలికై వచ్చిన క్షామపీడితుల చెమట అని పిల్లలకు చెప్పుటకైనను అక్కడ ఒకపూట ఆగవలెను.

దక్షిణమున సూళ్లూరుపేట సమీపమున నేలపట్టు. 1976లో పక్షులకు రక్షితస్థానముగా ప్రకటింపబడిన ఆ చెరువులో నిలిచిన చెట్లమీద గూడబాతులు పిల్లలను చేయును. పక్షుల రెట్ట కలిసిన నీరు పొలములకు బలమని ఎఱిగి, గ్రామస్థులే వానిని కాపాడుచు వచ్చిరి. దానికావల పులికాటు సరస్సు. చిలకా తరువాత మన దేశమున అంతటి ఉప్పునీటి కాయలు మరియొకటి లేదు. విస్తీర్ణ మెంత యున్నను లోతు సగటున మీటరు మాత్రమే యగుటచే ఫ్లెమింగోలు కాళ్లూనుకొని మేయగలుగుచున్నవి. సరస్సు నడుమగా శ్రీహరికోటకు పోవు రోడ్డున్నది. 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు ఎగిరిన ఆ ద్వీపములోనికి అనుమతి లేనిదే పోరాదు. ప్రయోగములను చూచుటకు 2019లో ప్రజల కొరకు వీక్షణశాల తెరచిరి. పేరు ముందుగా నమోదు చేసికొనవలెను.

ఇప్పుడు అసలు పనికి వత్తము. పండ్రెండు బండ్లు, నలువదిమంది మనుష్యులు అనుకొందము. బయలుదేరుటకు ముందుసాయంకాలము అందరును చిల్లకూరు దగ్గర చేరవలెను. ఆ సాయంకాలమే యాత్రలో అతి ముఖ్యమైనది. అమెరికాలో బిడారులకు ఇద్దరు అధికారు లుందురు. ముందు నడచువాడు వాగన్ మాస్టర్, అందరికంటె వెనుక వచ్చువాడు టెయిల్ గన్నర్. ముందువాడు దారియు మజిలీయు చూచుకొనును. వెనుకవాడు మరమ్మతు తెలిసినవాడై, ఆగిపోయిన బండిని విడువక దాని దగ్గర నిలుచును. మనవారికి మొదటివాని కొఱకు పోటీ యుండును, రెండవవాడు దొరకడు. నా అభిప్రాయమున వెనుకబండివాడు దొరకువఱకు యాత్రయే మొదలుపెట్టరాదు.

ఆ సాయంకాలము చేయవలసినది బండ్ల పరీక్ష. టైర్ల వయస్సును, గాలియు చూడవలెను. గ్యాసు సిలిండరు కట్టుబాటు, గొట్టము పాతదనము, అగ్నిమాపక సాధనము చూడవలెను. బండి నడచునప్పుడు సిలిండరు మూత బిగించియుండవలెనని ప్రతివానిచేతను అనిపించవలెను. అద్దెబండి యైనచో పర్మిట్టు, పొరుగు రాష్ట్రపు పన్ను రసీదు ఉన్నవా? తరువాత బండి ఎత్తు కొలిచి, డ్రైవరు కండ్లయెదుట ఆ సంఖ్య అంటించవలెను. విద్యుత్తు రైలుమార్గపు గేట్ల దగ్గర కట్టిన అడ్డుకమ్మి 4.67 మీటర్ల ఎత్తున నుండును గనుక దాని భయము లేదు. భయమంతయు రైలుకట్ట క్రింది చిన్న సొరంగపుదారులును, పల్లెలలో వ్రేలాడు కరెంటు తీగెలును, చింతకొమ్మలును.

నీటి సంగతి వివరముగా చెప్పవలసియున్నది. సముద్రతీరపు ఇసుకలో రెండు మూడు మూరలు త్రవ్వినచో మంచినీరు పడుట చూచి చాలమంది ఆశ్చర్యపడుదురు. నెల్లూరు తీరమున అట్టి గుంటలను దొరువు లందురు. వానికి మూలము వాననీరే. ఇసుక తిన్నెలలోనికి ఇంకిన వాననీరు, క్రిందనున్న ఉప్పునీటికంటె తేలికగనుక, దానిమీద తేలుచుండును. మంచినీటి బరువు 1 అనుకొన్నచో సముద్రపునీటి బరువు 1.025. ఈ స్వల్పభేదము వలన, సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచో, దాని క్రింద దాదాపు 40 అడుగుల మంచినీటి పొర యుండును. వినుట కిది సంతోషకరమైన లెక్క. దీనినే తిరుగవేసి చూడుడు. మోటారు పెట్టి ఆ పైమట్టమును ఒక అడుగు దించినచో, క్రిందినుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి రాజూచును. ఒకసారి ఉప్పెక్కిన దొరువు తియ్యబడుటకు ఎన్ని వానలు కురియవలెనో!

ఒక్కొక్క ఇంటిబండి తొట్టిలో 150 లీటర్లు పట్టునను కొందము. పండ్రెండు బండ్లకు 1,800 లీటర్లు. బిందెతో తోడుకొను పాలెమునకు అది చిన్న కొలత కాదు. అందుచేత నియమ మొక్కటే: తొట్లు గూడూరు, నాయుడుపేట వంటి పట్టణములలోనే వెల ఇచ్చి నింపుకొనవలెను. తీరపు పల్లెలో దొరువు జోలికి పోరాదు, ఉచితముగా ఇచ్చెదమన్నను తీసికొనరాదు. మన పల్లెవారు అతిథికి నీరు లేదనరు. అందుకే మనమే అడుగకుండవలెను.

వాడిన నీటి సంగతి ఇంతకంటె కఠినము. ఇంటిబండి క్రింద మరి రెండు తొట్లుండును. పాత్రలు కడిగిన నీటి కొకటి, మరుగుదొడ్డి కొకటి. విదేశములలో వీనిని ఖాళీచేయుటకు ప్రత్యేకముగా కట్టిన స్థలము లున్నవి. మనకు అవి అరుదు. చీకటిలో ఇసుకతిన్నె చాటున గొట్టము విప్పుదమను ఆలోచన ఎవనికైనను రావచ్చును. ఇసుక నీటిని ఎంత త్వరగా లోనికి తీసికొనునో, మలినమును అంత త్వరగా దొరువునకు చేర్చును. మనము వెళ్లిన మూడవనాడు ఆ పాలెములో ఒక బిడ్డకు విరేచనములు పట్టినచో కారణము ఎవరికిని తెలియదు. కావున పట్టణమున పురపాలకసంఘము వారి మురుగు శుద్ధికేంద్రముతోనో, సెప్టిక్ తొట్లు తోడు లారీవారితోనో ముందే ఏర్పాటు చేసికొని, రెండుదినముల కొకసారి అచ్చటికి పోవునట్లు మజిలీలు కుదుర్చవలెను. ఈ ఏర్పాటు కుదరనిచో నాయకుడు యాత్ర మానుకొనుటయే మర్యాద.

కరెంటు లెక్కయు వేసికొనదగినది. చల్లదనపు యంత్ర మొక్కటి ఒకటిన్నర కిలోవాట్లు తీసికొనును. పండ్రెండును రాత్రి ఒకేసారి తిరిగినచో 18 కిలోవాట్లు. చిన్న పల్లెలలోని ట్రాన్స్‌ఫార్మరు కొన్నిచోట్ల 25 కె.వి.ఏ. మాత్రమే. మన గదులు చల్లబడుటకు ఊరంతయు చీకటి కావలెనా? తీరమున రాత్రి గాలి యుండును. కిటికీ తెరచి, దోమతెర కట్టుకొని నిద్రింపవచ్చును.

రోడ్డుమీద బిడారు తోకవలె ఒకదాని వెనుక ఒకటి అంటుకొని పోరాదు. పండ్రెండు బండ్లు అట్లు పోయినచో పావు కిలోమీటరు పొడవున ఒక గోడ కదలినట్లుండును. వెనుకవచ్చు బస్సుగాని, అంబులెన్సుగాని దాటజాలదు. మూడేసి బండ్లుగా విభజించి, అయిదేసి నిమిషముల యెడముతో పంపవలెను. గంటకు 40 కిలోమీటర్ల వేగమున అయిదు నిమిషములనిన మూడు కిలోమీటర్లకు పైగా దూరము. తెలుగు అక్షరములలో ఊళ్లపేర్లు, మలుపులు, దూరములు వ్రాసిన కాగితము ప్రతి బండిలోను ఉండవలెను, ఫోను దారి చూపు ననుకొని ఊరకుండరాదు. పులికాటు నడుమ రోడ్డుమీద పక్షులు కనబడినవని ఎక్కడబడిన అక్కడ ఆపరాదు. నేలపట్టు దగ్గర హారను మ్రోగింపరాదు, బెదరిన తల్లిపక్షి గూడు విడిచిన కాకులు కాచుకొని యుండును.

కాలమునుగూర్చి సందేహము లేదు. సంక్రాంతి వెళ్లిన నాటినుండి మార్చి మొదటి వారము వఱకు. అక్టోబరునుండి డిసెంబరు వఱకు ఈ తీరమునకు ఈశాన్యపు వానలును తుపానులును వచ్చును. 2021 నవంబరు వరదలలో నెల్లూరు సమీపమున జాతీయ రహదారియు, రైలుమార్గమును రెండును తెగి వేలకొలది వాహనములు నిలిచిపోయినవి. ఇంటిబండి ఇల్లే గాని, నీటిలో నిలుచు ఇల్లు కాదు.

పాలెములో దిగుటకు ముందు పంచాయతీ కార్యాలయమున అనుమతి పొందవలెను. అంతటితో చాలదు. మత్స్యకారుల పల్లెలలో పెద్దలు కూడి చేసికొను కట్టడి యొకటి యుండును, దానిని దురాయి యందురు. నాయకుడు ఒకనాడు ముందుగా పోయి, “అయ్యా, ఫలానా తేదీన ఇంతమంది వత్తుము, ఎక్కడ నిలుపుకొనమందురు?” అని అడిగినచో, వలలు ఆరబెట్టు చోటు, పడవలు లాగు దారి, శ్మశానము, గంగమ్మ గుడి ఎక్కడెక్కడ నున్నవో వారే చెప్పుదురు. అడుగక దిగినచో తెల్లవారుజామున పడవ దింపుటకు వచ్చినవారికి మన బండి అడ్డముండును. వారి కొక పూట వేట పోవును, మనకు ఒక పూట నిద్ర పోవును. ఏది ఎక్కువ నష్టమో చెప్పనక్కరలేదు. చేపలు, కూరలు, పాలు వారియొద్దనే, బేరమాడక కొనవలెను. సముద్రపుటొడ్డున ఏదైన కట్టుటకును నాటుటకును తీర నియంత్రణ నిబంధనలు అడ్డు చెప్పును గనుక, డేరా మేకులైనను అలలు తాకు హద్దునకు దూరముగనే వేయవలెను.

బయలుదేరు ఉదయమున ఆరుగంటలకు మొదటి మూడు బండ్లు కదలును. తక్కినవి తమ తమ వంతున వెడలును. వెనుకబండివాడు అందరును పోయినపిదప ఆ స్థలమంతయు ఒకసారి నడచి చూచి, మరచిన గిన్నె, విడిచిన సంచి, కాలిన అగ్గిపుల్ల ఏరి తన బండిలో వేసికొనవలెను. స్థలమిచ్చిన వారిని పిలిచి చూపించి, పుస్తకములో వారి సంతకము తీసికొని, అప్పుడు తాను ఇంజను త్రిప్పవలెను.